లెక్కకు దొరకని మత్తు
(సిద్దిపేటలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం, ఆడవాళ్లలో దాదాపు 7 శాతం మంది మద్యం తాగుతారు. దేశం మొత్తం మీద మగవాళ్లలో ఇది 19 శాతమే. ఈ అంకె చూపించి మనల్ని తాగుబోతులు అనే ముందు, లెక్క ఎట్ల తీశారో తెలుసుకోవాలె.

సర్వేవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లో ఒకరే అందరి గురించి జవాబు చెప్తారు. కొడుకు చాటుగా తాగేది తండ్రికి తెలుసా? కోడలు మామ ముందర నోరు విప్పుతదా? పైగా కాయకష్టం చేసి వచ్చి సీసా కల్లు తాగినా, బెల్టు షాపులో రోజూ క్వార్టర్ తాగినా ఆ శాతంలో ఒక్కటే లెక్క.

2018లో ఎయిమ్స్ వాళ్లు దేశంలో 2 లక్షల ఇళ్లు తిరిగారు. మాదక ద్రవ్యాల సంగతి గడప ముందర ఎవరూ చెప్పరని, వాటికి బానిసైన వాళ్ల ద్వారానే అలాంటి మరికొందరిని వెతికి విడిగా లెక్క తీశారు. మంచి పద్ధతే. కానీ మన కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతుంటే, తాగేటోనికే ఆ సంగతి తెలియదు. తెలియనిదాన్ని ఏ సర్వేకు చెప్తాడు?

2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. మందు అందక నిజామాబాద్, ఉమ్మడి మెదక్ పల్లెల జనం వణుకుతూ, ఫిట్స్ వచ్చి దవాఖానల్లో చేరారు. సర్వే కాయితాల్లో కనబడని లెక్క ఆ మంచాల మీద కనబడింది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు పేదల ప్రాణాలే పోయాయి.

మేము గీత కార్మికులకు వ్యతిరేకం కాదు. చెట్టు కల్లు వాళ్ల బతుకుదెరువు. కల్తీ చేసేటోళ్లు వాళ్ల పొట్ట కూడా కొడుతున్నారు.

అందుకే మేము అడిగేది ఇది. సర్వేలో ప్రతి మనిషినీ పక్కకు పిలిచి, విడిగా అడగాలె. ప్రతి మండలంలో కల్లు నమూనాలు పరీక్షించి, ఫలితాలు గ్రామ పంచాయతీ గోడకు అంటించాలె. కల్తీ దుకాణం మూసిన రోజే దగ్గరి దవాఖానలో మందులు, డాక్టరు సిద్ధంగా ఉండాలె.

మన వంతు పని కూడా ఉంది. పేరు రాయకుండా ఇంటికో చీటీ వేద్దాం: నెలకు తాగుడుకు ఎంత, ఎరువులకు ఎంత, పిల్లల చదువుకు ఎంత? ఊరి లెక్క ఊరి చేతిలో ఉంటే, అధికారుల ముందర మన మాటకు బలం ఉంటది.