నవ్వించే అబద్ధాలు నేర్పిన ఇంగ్లీషు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వయసులో ఇంగ్లీషు నేర్చుకోవడమేమిటని కొందరు నవ్వవచ్చు. తప్పకుండా నవ్వండి. ఈవేళ నేను మనవి చేయబోయేది కూడా నవ్వుతూ నేర్చుకోవడం గురించే.

మనమంతా ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషులో నోట్‌ఫైళ్ళు రాసినవాళ్ళమే. "ఫర్ నెసెసరీ యాక్షన్" అన్న మాట నిద్రలో లేపినా చెబుతాం. కాని ఆఫీసు ఇంగ్లీషు వేరు, లోకం ఇంగ్లీషు వేరు. మనవలు మాట్లాడే ఫేక్ న్యూస్, హోక్స్, స్పూఫ్ వంటి మాటలు మన ఫైళ్ళలో ఎన్నడూ రాలేదు. నేను వాటిని నిఘంటువు బట్టీపట్టి నేర్చుకోలేదు. జనాన్ని నవ్వించడానికి కొందరు అల్లిన దొంగవార్తలు చదివి నేర్చుకున్నాను.

1957 ఏప్రిల్ 1న బీబీసీ టెలివిజన్ వారు పనోరమా కార్యక్రమంలో స్విట్జర్లాండులో స్పఘెట్టి పంట కోతకొచ్చిందని చూపించారు. స్పఘెట్టి అంటే మన సేమ్యాకు అన్నగారనుకోండి. చెట్ల కొమ్మలకు వేలాడుతున్న స్పఘెట్టిని ఆడవాళ్ళు కోసి ఎండబెడుతుంటే, రిచర్డ్ డింబుల్‌బీ గారు ఎంతో గంభీరంగా వ్యాఖ్యానం చెప్పారు. పంటను పాడుచేసే వీవిల్ ఆ ఏడు దాదాపు కనబడకుండా పోయిందని కూడా అన్నారు. అప్పట్లో ఇంగ్లండులో ఆ తిండి అంతగా అలవాటు లేదు. దాంతో ఆ చెట్టు ఎలా పెంచాలో చెప్పమని బీబీసీకి ఫోన్లు వచ్చాయి! ఈ కథతో నాకు రెండు మాటలు వచ్చాయి. వీవిల్ అంటే బియ్యంలో పట్టే ముక్కుపురుగు. గలిబుల్ అంటే ఏది చెప్పినా నమ్మేసే మనిషి. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే రకం అన్నమాట.

టైపు లోయరు, హయ్యరు ప్యాసైన మిత్రులకు రెండో కథ మరీ నచ్చుతుంది. 1977 ఏప్రిల్ 1న లండన్ గార్డియన్ పత్రిక ఏడు పేజీల అనుబంధం వేసింది. హిందూ మహాసముద్రంలో శాన్ సెరిఫ్ అనే దేశముందనీ, దానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయిందనీ రాసింది. ఆ దేశంలో రెండు ముఖ్య ద్వీపాలు, అప్పర్ కెయిస్, లోయర్ కెయిస్. రాజధాని బొడోని. పాలకుడు జనరల్ పైకా. పైకా పేరు వినగానే మన రెమింగ్టన్ మిషను గుర్తుకు రాలేదూ? అంగుళానికి పది అక్షరాలు పడే టైపు పైకా. బొడోని ఒక అచ్చు అక్షరాల పేరు. అప్పర్ కేస్ అంటే పెద్ద అక్షరాలు, లోయర్ కేస్ అంటే చిన్నవి. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో వాటిని పై అరలో, కింది అరలో ఉంచేవారు కాబట్టి ఆ పేర్లొచ్చాయి. ఆ దేశం మొత్తం అచ్చాఫీసు మాటలతోనే కట్టారు. మాటలు తెలిసినవాడు మొదటి పేజీలోనే నవ్వాడు. తెలియనివాడు వివరాల కోసం పత్రికకు ఫోన్ చేశాడు.

ఇక మాటల పుట్టుక చూడండి. స్పూఫ్ అనే మాటను ఆర్థర్ రాబర్ట్స్ అనే ఇంగ్లీషు హాస్యనటుడు 19వ శతాబ్దం చివర తానాడిన ఒక మోసపు ఆటకు పేరుగా పెట్టాడు. గాలివార్తను కెనార్డ్ అంటారు. ఆ మాటకు ఫ్రెంచిలో అర్థం బాతు! 2005లో అమెరికా టీవీ హాస్యగాడు స్టీఫెన్ కోల్బేర్ ట్రూతీనెస్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. రుజువుతో పనిలేకుండా, నా మనసుకు నిజమనిపించింది కనుక నిజమే అనుకునే గుణమది. మరుసటి ఏడు మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువువారు దాన్నే ఆ సంవత్సరపు మాటగా ప్రకటించారు.

బొంకరా బొంకరా పోలిగా అంటే టంగుటూరి మిరియాలు తాటికాయలంత అన్నాడట. పోలిగాడి అబద్ధంలో ఒక మర్యాద ఉంది. తాటికాయ చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. హాస్యగాడు తాళంచెవి గుమ్మంలోనే పెడతాడు, మనం వెతికి తీసుకోవాలని. మోసగాడు దాన్ని దాచేస్తాడు. ఈ తేడా పట్టుకోవడమే నేనీ చదువులో గ్రహించిన అసలు పాఠం.

మా వీధిలోని ఒక పెద్దాయనకు వీడియోకాల్ వచ్చింది. పోలీసు దుస్తుల్లో ఒకడు, "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, గది వదిలి కదలొద్దు" అన్నాడు. పెన్షను ఖాతా వివరాలన్నీ అడుగుతున్నాడు. ఆయన భార్య పరుగున మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, ఆ మాటకు అర్థమేమిటి?" అని అడిగింది. "చెట్టుకు కాసిన సేమ్యా అమ్మా" అన్నాను. అరెస్టంటే మనిషిని ఎదురుగా పట్టుకోవడం, ఫోనులో పట్టుకోవడమన్నది మన చట్టంలోనే లేదు. ఆవిడ వెంటనే వెళ్ళి ఫోను కట్టేసింది. ఒక్క మాటకు అర్థం అడిగినందుకు వాళ్ళ జీవితకాలపు పొదుపు దక్కింది. ఇలాంటివి జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలని అందరూ రాసిపెట్టుకోండి.

ఇంగ్లీషు చక్కగా ఉన్నంతమాత్రాన వార్త నిజం కాదు. నంబరు, తేదీ, సంతకం లేని కాగితాన్ని మన సీటు దగ్గర ఏనాడైనా కదలనిచ్చామా? సెల్‌ఫోన్లో వచ్చే కాగితానికి మాత్రం ఆ మినహాయింపు ఎందుకు? పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు, చదవకుండానే పదిమందికి పంపడం మనకు తగదు.

నా పద్ధతి చిన్నది. ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీసుకున్నాను. మొదటి గడిలో కొత్త మాట, రెండో గడిలో అది వచ్చిన నవ్వుల వార్త, మూడో గడిలో అబద్ధాన్ని పట్టిచ్చిన ఆనవాలు. రోజుకొక్క మాట చాలు. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు ఉచ్చారణ దిద్దుతారు, మనం ఆనవాలు చూపిద్దాం. ఇద్దరికీ లాభమే.