ప్రత్తిచేలో గూడ రాలుట

గూడ రాలినంతనే పురుగని తలఁచి మందు చల్లించుట కొందఱికి వాడుక. ముందుగా రాలిన మొగ్గల నేఱి చూడవలెనని నా మనవి.

మొగ్గను కప్పియుండు మూఁడాకులును విచ్చుకొని, మొగ్గకు రంధ్రమును దానియొద్ద రెట్టయు నున్నచో, అది మచ్చలపురుగో శనగపచ్చపురుగో చేసిన పని. రసము పీల్చు నల్లులు కుట్టిన చిన్నమొగ్గలు నల్లఁబడి యెండి రాలును. ఈ గుర్తులేవియు లేనిచో మబ్బు, బెట్ట, నీరు నిలుచుట కారణములై యుండును. తాను పోషింపలేని మొగ్గలను మొక్కయే విడుచును. అప్పుడు పురుగుమందు వ్యర్థవ్యయము.

విత్తనపు గుణమొక్కటే రక్ష కాదు. ఆకుపై నూఁగు దట్టముగా గల రకములకు పచ్చదోమ బెడద తక్కువ. కాని శనగపచ్చపురుగు తల్లి ఆ నూఁగుపైననే గ్రుడ్లు పెట్ట నిష్టపడును. 2002 నుండి మనదేశమున సాగులోనున్న బీటీ గుణము నల్లుల నాపదు.

కావున విత్తన మెట్టిదైనను, చేలోఁ దిరిగి కన్నులారఁ జూచిన పిమ్మటనే మందునకు రూకలు తీయుఁడు.