రంగునకు లెక్క

మన ఇండ్లలో రంగులకు పేర్ల కొరత లేదు. వంకాయ రంగు, చిలకపచ్చ, నెమలికంఠము, ఉల్లిపొర, కనకాంబరము, ముక్కుపొడి రంగు - పంజాగుట్ట బట్టల దుకాణములో వీనిలో నొక మాట చెప్పినచో చాలును, గుమాస్తా చేయి తగిన అర వైపునకు సాగును. ఆతడు తీసిన చీర కొంచెము ముదురైనచో మనము తల యడ్డముగా ఊపుదుము, వేరొకటి వచ్చును. వస్తువు కన్నుల యెదుట నున్నంతవరకు ఈ పేర్లతో ఇబ్బంది లేదు.

ఆ చీరల ప్రకటననో, ఒక ఇంటి పెండ్లి శుభలేఖనో కంప్యూటరుపై రూపొందించు వారికి మాత్రము ఈ పేర్లు చాలవు. పంజాగుట్టను ఆనుకొనియున్న అమీర్‌పేటలో, మైత్రీవనము పరిసరములందు, కంప్యూటరు విద్య నేర్పు సంస్థలు కిక్కిరిసి యున్నవి. జిల్లాలనుండి వచ్చి, హాస్టలు గదులలో నుండి, ఈ విద్యతో బ్రతుకుతెరువు వెదకుకొను యువతీయువకు లెందరో అచట గలరు. వారితో ‘వంకాయ రంగు’ అన్నచో, లేత కాయయా, ముదురు కాయయా యను సందేహము కలుగును. ఆ సందేహమును తీర్చు పనిముట్టే కలర్ పికర్.

దాని పని యిట్టిది. తెరపై ప్రతి చుక్కయు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతుల కూడిక. ఒక్కొక్క కాంతికి 0 నుండి 255 వరకు 256 మెట్లు. మూడింటిని కలుపగా 1,67,77,216 రంగు లేర్పడును. పికరును తెరచి, తెరపై కావలసిన రంగుమీద మౌసును నిలిపి నొక్కినంతనే ఆ మూడు సంఖ్యలు తెలియును. ఎరుపు 97, ఆకుపచ్చ 64, నీలము 81 అయినచో అది యొక వంకాయ చాయ. పదునారు మూలముగా గల లెక్కలో దానినే 614051 అని వ్రాయుదురు. ఈ ఆరంకెలను ఫోనులో చెప్పినను చాలును, అవతలి వారు అదే చాయను ఎన్నుకొనగలరు. విండోస్ కంప్యూటరులకు పవర్‌టాయ్స్ అను ఉచిత సామగ్రిలో ఈ పనిముట్టు కలదు.

సంఖ్య దొరికినది గదా యని నిశ్చింతగా నుండరాదు. మొదటి జాగ్రత్త, ఎచట నొక్కవలెననునది. అక్షరముల అంచులు నునుపుగా కనబడుటకై కంప్యూటరు అచట నడిమి చాయలను నింపును. అంచున నొక్కినచో ఆ కల్తీ రంగు చేతికి వచ్చును. ఛాయాచిత్రములోని చీరకు మడత నీడలో నొక సంఖ్య, వెలుగులో వేరొక సంఖ్య వచ్చును. రెండు మూడు చోట్ల చూచి నిర్ణయింపవలెను.

రెండవది, తెర వేరు, కాగితము వేరు. తెర వెలుగును వెదజల్లును. సిరా వెలుగును కొంత మ్రింగివేయును. అచ్చునకు సాధారణముగా వాడునవి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలు. తెరపై మిలమిలలాడు చిలకపచ్చ వానికి అందకపోవచ్చును. 500 శుభలేఖలు అచ్చయిన పిమ్మట రంగు మాసినట్లు కనబడినచో, ఆ నష్టము పెండ్లివారి సంచికో, పనికి క్రొత్తయైన కుర్రవాని జీతమునకో తగులును.

మూడవది చదువరి కన్ను. లేత పసుపుపై బంగారు రంగు అక్షరములు ముచ్చటగానే ఉండును. తాతగారికి మాత్రము ముహూర్తము కనబడదు. మామూలు అక్షరములకును, వెనుక రంగునకును కాంతి నిష్పత్తి కనీసము 4.5కు 1 ఉండవలెనని 2008 నాటి అంతర్జాతీయ వెబ్ ప్రమాణములు నిర్దేశించినవి. రెండు రంగుల సంఖ్యలు తెలిసినచో ఈ నిష్పత్తిని కంప్యూటరే లెక్కించి చెప్పును. రంగుల భేదమును గుర్తింపలేని కన్నులును లోకమున గలవు. అమీర్‌పేట మెట్రో స్టేషనులో ఎరుపు, నీలి మార్గములు కలిసికొనును. అచట రంగుతోపాటు చేరవలసిన చోటి పేరును వ్రాసి యుండుట అట్టివారికి ఎంతయో మేలు.

కావున శుభలేఖ వేయించు గృహస్థులకు మేము చెప్పునది యింతే. నచ్చిన రంగు సంఖ్యను అడిగి వ్రాసికొనుడు. ముందుగా ఒక్క ప్రతిని అచ్చు వేయించి, పగటి వెలుగులో చూడుడు. దానిని ఇంటిలోని పెద్దవారి చేతికిచ్చి చదువుమనుడు. వారు తడుముకొనక చదివిన పిమ్మటనే తక్కిన ప్రతులకు అనుమతి ఇండు.