ధైర్యం ఒక్కరిది కాదు

(ఒక పల్లెలో అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ధైర్యం గురించి మాట్లాడమన్నారు. మైకు ముందు అందరం పులులమే. "భయపడకండి, తిరగబడండి" అని చెప్పేసి సాయంత్రం బస్సెక్కి పోయేవాళ్లని మీరూ చూశారు, మేమూ చూశాం. తెల్లారితే అదే కామందు పొలంలోకి కూలికి పోవాల్సింది ఎవరు? కౌలు చేను లాక్కుంటే గడప గడపా తిరగాల్సింది ఎవరు? ఇక్కడే బతకాల్సిన మనమే. అందుకే ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో మనమే తేల్చుకోవాలి.

మన జనాన్ని పిరికోళ్లంటారు. మేం ఒప్పుకోం. పాములు తిరిగే చేలో అర్ధరాత్రి నీళ్లు కట్టేవాడు పిరికోడా? నెలలు నిండినా నాట్లకి పోయే ఆడమనిషి పిరికిదా? మనకి లేనిది గుండె కాదు, వెనక అండ. ఒక్కడు నోరు తెరిస్తే ఊరంతా వాడి మీద పడుద్ది, పేట మాత్రం తలుపులేసుకుంటుంది. అది తెలిసి నోరు మూసుకోవడం పిరికితనం కాదు, లెక్క. ఆ లెక్కని మార్చేవాడే నాయకుడు.

బాబాసాహెబ్ ఈ లెక్కని ఎట్లా మార్చారో చూడండి. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్లో చవదార్ చెరువుంది. పశువులు తాగొచ్చు, మనం తాగకూడదు. 1923లో బొంబాయి శాసనమండలి, 1924లో మహాడ్ మున్సిపాలిటీ తీర్మానాలు చేశాయి, ఆ నీళ్లు అంటరానివాళ్లవి కూడా అని. కాగితం మీద హక్కొచ్చింది. గుక్కెడు నీళ్లు మాత్రం గొంతులో పడలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ముందు నడిచారు, వేలమంది వెనక నడిచారు. ముందు ఆయన తాగారు, తర్వాత జనం తాగారు. "మీరు దిగండి, నేను గట్టు మీదినుంచి చూస్తా" అనలేదు. ఇది మొదటి పాఠం.

రెండో పాఠం అంతకన్నా కష్టమైంది. గుళ్లోకి కూడా జొరబడతారని పుకారు లేపి, మనవాళ్లని కర్రలతో కొట్టారు. మనవాళ్లలో పట్టాళంలో పని చేసొచ్చిన వాళ్లున్నారు. ఆయన సైగ చేస్తే చాలు. చెయ్యలేదు, ఆపారు. కేసులు పెట్టించారు. డిసెంబరులో మళ్లీ వెళ్లారు. సభకి జాగా ఇచ్చేవాడు లేకపోతే ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చాడు. డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. కానీ చెరువు దగ్గరికి పోకుండా అవతలివాళ్లు కోర్టు ఉత్తర్వు తెచ్చారు. జైలుకైనా పోతామని వేలమంది సిద్ధంగా ఉంటే, వాయిదా వేద్దామని వాళ్లకి నచ్చజెప్పారు. సొంత జనం ఆవేశం ముందు నిలబడి "ఇప్పుడు కాదు" అనడానికి ఎంత గుండె కావాలి! 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పిచ్చింది. గుక్కెడు నీళ్లకి పదేళ్లు!

మహాడ్ దూరమంటారా? మన కారంచేడుకి రండి. అదీ నీళ్ల దగ్గరే మొదలైంది. 1985 జూలైలో, మాదిగపల్లె తాగే చెరువుని కుడితి బకెట్టుతో పాడు చేయొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జూలై 17న, అగ్రకుల భూస్వాములు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లని చెరిచారు. మిగిలినవాళ్లు చీరాలకి పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే ఆ ఒక్క బిందె ఉద్యమమయింది. శిబిరం నడిచింది. అదే సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చారు. ఉద్యోగాలు చేస్తున్న మన చదువుకున్నోళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కేసు మధ్యలో హైకోర్టులో వీగిపోయినా వదల్లేదు. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు శిక్షలు ఖాయం చేసింది. 23 ఏళ్లు! బిందె ఎత్తడానికి క్షణం చాలు. సాక్షిగా 23 ఏళ్లు నిలబడాలంటే ఒక్కరి గుండె చాలదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడి జనం కోర్టే ఊళ్లోకి రావాలని పట్టుబట్టి తెప్పించుకున్నారు. సాక్షి భయపడకుండా నడిచిపోయి చెప్పగలగాలని. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. చూశారా, గెలిచాక కూడా కాపలా కాయాల్సిందే.

ఇక మన ఇంటి పిల్లల సంగతి. మేం బడి పంతుళ్లం, మా ఇళ్లలో డిగ్రీ మొహం చూసిన మొదటి తరం. మా అమ్మానాన్నలది వేలిముద్రే. పట్టుదలతో పైకొచ్చారని మమ్మల్ని మెచ్చుకుంటారు. పట్టుదల ఉంది, నిజమే. సంక్షేమ హాస్టల్లో అన్నం లేకపోతే, స్కాలర్‌షిప్ ఫారం నింపిపెట్టిన సీనియర్ అన్న లేకపోతే ఆ పట్టుదల ఏ మిరప చేలోనో ఎండిపోయేది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. గిరిజన పిల్ల, దళిత పిల్లోడు. ఆ పిల్లకి పద్నాలుగేళ్లు కూడా నిండలా. ఎక్కింది వాళ్ల కాళ్లే. కానీ సాంఘిక సంక్షేమ గురుకులం వాళ్లకి శిక్షణ ఇప్పించి పంపింది. మన పిల్లల్లో దమ్ముంది, దానికి మెట్లు కట్టాల్సింది మనం.

కాబట్టి సభ అయ్యాక ఇంటికి పోయే ముందు నాలుగు సంగతులు తేల్చుకుందాం.

ఒకటి, స్టేషన్‌కి ఎవరూ ఒంటరిగా పోకూడదు. నలుగురు పోవాలి, అందులో ఒక ఆడమనిషి, ఒక చదువుకున్నోళ్లు ఉండాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అట్రాసిటీ కేసుల్లో ముందు విచారణ చేశాకే ఎఫ్‌ఐఆర్ రాస్తామంటే కుదరదు. 2018 సవరణ ఆ మాటకి తావు లేకుండా చేసింది.

రెండు, సాక్షిని కాపాడుకోవాలి. 1989 చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితులకి, సాక్షులకి రక్షణ, ప్రయాణ ఖర్చులు హక్కుగా ఇచ్చింది. ఆ డబ్బు చేతికొచ్చేదాకా, వాయిదాకి పోయిన రోజు కూలి పేట భరించాలి. ఇంటికో గుప్పెడు బియ్యం తీస్తే చాలు.

మూడు, పది పాసైన ఆడపిల్లని పై చదువుకి పంపాలి. ఫారాలు నింపే పని మాది, పంపే పని మీది.

నాలుగు, నాయకుడనేవాడు తాను చెయ్యని పని ఇంకొకడికి చెప్పకూడదు. ముందు నడిచేవాడు మధ్య మధ్యలో వెనక్కి తిరిగి చూడాలి, ఆఖరివాడు వస్తున్నాడా లేదా అని.

భయం ఉంటుంది. మాకూ ఉంది. పక్కన మనిషి నిలబడితే సగం పోతుంది, పేట నిలబడితే భయం అవతలివాడికి మొదలవుద్ది. గుప్పెడు బియ్యానికి ముందుగా పేరు రాయించేది ఎవరో చెయ్యెత్తండి. పుస్తకం ఇక్కడే ఉంది.

జై భీమ్!