ఎదిగిన బిడ్డ – ఇంటి కట్టుబాటు

బాన్సువాడ ప్రాంతపు వరి రైతునకు నీటి సంగతి మేము చెప్పనక్కరలేదు. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము మంజీరానదిని నిలిపినది. ఆపుటకు కట్ట యెంత అవసరమో, విడుచుటకు తూము అంతే అవసరము. ఎదిగిన బిడ్డలున్న ఇంటికిని ఇదే వర్తించును.

ఇంటర్మీడియట్ ముగించిన కుమారుడు ఎదురు మాటాడును. అర్ధరాత్రి ఇల్లు చేరును. సేద్యము తనవల్ల కాదనును. మొక్కై వంగనిది మానై వంగునా యని తల్లి నిట్టూర్చును. కాని 18 ఏండ్లు నిండినవానిని చట్టము పెద్దవానిగా ఎంచుచున్నది. 1989 నుండి ఓటు హక్కు సైతము ఆ వయస్సుననే లభించుచున్నది. ప్రభుత్వము నెన్నుకొనదగినవాడు తన బ్రతుకుదెరువును గూర్చి ఒక మాట చెప్పగూడదా?

అట్లని కట్టుబాటే వలదని మేమనము. ఇంటి అన్నము తినువాడు ఇంటి పనిలో పాలు పంచుకొనవలెను. అయితే ఆజ్ఞకు బదులు బాధ్యత నొసంగుడు. ఒక మడికి నీరు పెట్టుటయో, నెల కిరాణా లెక్కయో పూర్తిగా అతనికే అప్పగింపుడు. తప్పినను నడుమ చేయి పెట్టకుడు. ఆలస్యమగునెడల ఇంటికి కబురు చేయుట అతనికెట్టి నియమమో, తండ్రికిని అట్టిదే కావలెను. భోజనమువేళ వాదము వలదు. పొరుగింటి పిల్లవానితో పోలిక అసలే వలదు.

అన్నిటికంటె ముఖ్యముగా, ఇల్లు విడిచి పొమ్మను మాట నోట రానీయకుడు. కోపము చల్లారిన పిదప మనము దానిని మరతుము. ఆ వయస్సు పిల్లవాడు మరువడు. ఒక్కొక్కప్పుడు నిజముగా పోవును గూడ. అట్టి మాట ఇదివరకే వచ్చియుండినచో, ముందుగా పలుకరింపవలసినవాడు తండ్రియే.