గొంతు బొమ్మకు రెండు సంతకాలు

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా ఓర్వకల్లు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడటానికి నాకంటే అనుభవజ్ఞులు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను ఆరోగ్య విషయం ఏదైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో కాగితాలు సరిచూస్తూ సర్వీసు గడిపిన గుమాస్తాను. కనుక గుమాస్తా కంటితో చూసిన సంగతే మనవి చేస్తాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటికి మాటనిచ్చేవి గొంతులోని రెండు చిన్న మడతలు. వీటినే స్వరతంత్రులు అంటున్నాము. మనం మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు నూరుసార్లకు పైగా, ఆడవారిలో సుమారు రెండు వందల సార్లు ఇవి అదురుతాయి. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దాన్ని గొంతులోకి పెట్టుకొని, సూర్యకాంతి సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. నేడు డాక్టర్లు సన్నని కెమెరా గొట్టంతో చూస్తున్నారు. మిణుకుమనే ప్రత్యేక దీపం వేస్తే ఆ అదురు నిదానంగా జరిగినట్లు కనబడుతుంది.

బొమ్మ స్పష్టంగా వచ్చినంత మాత్రాన తీర్పు స్పష్టంగా రాదు. మా ఆఫీసు డఫేదారు ఒకరు జీవితమంతా పేర్లు కేకవేసి పిలిచిన మనిషి. రిటైరైన తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. ఒకే బొమ్మను ఇద్దరు డాక్టర్లు చూశారు. ఒకరు కేకల వల్ల వచ్చిన వాపన్నారు. రెండవవారు అంచున తెల్లమచ్చ ఉంది, ముక్క తీసి పరీక్షించాలన్నారు. పరీక్షిస్తే తొలి దశ కేన్సరని తేలింది. రేడియేషన్ చికిత్స జరిగింది, మనిషీ దక్కాడు, మాటా దక్కింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. జిగురు మీద పడిన వెలుగు కూడా ఒక్కోసారి తెల్లమచ్చలాగే కనిపిస్తుందట.

మన మెట్ట ప్రాంతం వారికి ఇది కొత్త సంగతి కాదు. అణావారీ అంచనాలు గుర్తు చేసుకోండి. పదహారణాల పంటలో ఈ ఏడు ఎన్ని అణాలు పండిందని గట్టు మీద నిలబడి కంటితో చెప్పేవారు. ఒకే వేరుశెనగ చేనును చూసి ఒకరు ఆరణాలంటే ఇంకొకరు నాలుగణాలనేవారు. ఇద్దరూ అనుభవజ్ఞులే. అయినా ఆ రెండణాల తేడా మీదే రైతు బ్రతుకు వేలాడేది. పంట కోత ప్రయోగంలో అలా కాదు. చీటీ వేసినట్లు ఒక చోటు ఎంచి, అయిదు మీటర్ల చదరం కొలిచి, కోసి, తూకం వేస్తారు. గొంతు విషయంలో ముక్క పరీక్ష ఆ తూకం లాంటిది.

ఇప్పుడు కంప్యూటరు వంతు వచ్చింది. నిపుణులు గుర్తులు పెట్టిన బొమ్మలను వేలకు వేలు చూసి అది నేర్చుకుంటుంది. 2020లో వివిధ దేశాల ఏడు సంస్థలు కలిసి 640 రికార్డింగుల నుంచి 59,250 గొంతు బొమ్మలు తీసి, స్వరతంత్రుల మధ్య సందు ఎక్కడుందో ప్రతి దాని మీదా గుర్తించి అందరికీ అందుబాటులో పెట్టాయి. అయితే సందు ఎక్కడుందని గీయడం వేరు, రోగమేమిటని చెప్పడం వేరు. మొదటి దానికి శ్రద్ధగల కన్ను చాలు, రెండవదానికి తూకం కావాలి.

కంటి విషయంలో మన దేశానికి సంబంధం ఉన్న ఉదాహరణ ఒకటి ఉంది. షుగరు వల్ల చెడే కంటిపొరను గుర్తించడానికి గూగుల్ పరిశోధకులు 1,28,175 బొమ్మలతో యంత్రానికి నేర్పి, 2016లో ఫలితాలు ప్రకటించారు. వారు బొమ్మలు తీసుకున్న చోట్లలో మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ ఉన్నాయి. ఒక్కో బొమ్మను ముగ్గురు మొదలు ఏడుగురు దాకా చూశారు. మొత్తం 54 మంది డాక్టర్లు పనిచేశారు. ఒక్కరి సంతకంతో ఫైలు ముగించలేదన్నమాట.

ఇద్దరి మాట కలిసినా సరిపోదు. నూరు బొమ్మలున్నాయనుకోండి. ఇద్దరూ బొమ్మ చూడకుండానే నూటికి తొంభైసార్లు ‘బాగుంది’, పదిసార్లు ‘జబ్బుంది’ అని రాసేస్తే, సుమారు 82 చోట్ల వారి రాత ఊరికే కలిసిపోతుంది. దీనిని తీసివేసి అసలు ఏకాభిప్రాయం ఎంతో లెక్కించే పద్ధతిని జేకబ్ కోహెన్ 1960లో చెప్పాడు. దానికి ‘కప్పా’ అని పేరు. ఆ ఇద్దరూ 91 చోట్ల కలిసినా, ఆ లెక్కలో సగం మార్కులే వస్తాయి.

మన ఆఫీసుల్లో నకలు రాసినవాడే సరిచూసినట్లు సంతకం చేయకూడదనే కట్టుబాటు ఉండేది. ఇక్కడా అదే న్యాయం. ఇద్దరూ విడివిడిగా, ఒకరి రాత ఒకరు చూడకుండా గుర్తించాలి. కొన్ని బొమ్మలను కొన్నాళ్లకు అదే నిపుణునికి తెలియకుండా మళ్లీ చూపించాలి. తేడా వస్తే మూడవవారు తేల్చాలి. అయితే ఆ తేడాను ఫైలులోంచి చెరిపేయకూడదు. నిపుణులకే సందేహమున్న చోట యంత్రం నిస్సందేహంగా మాట్లాడితే ప్రమాదం.

చివరగా మూడు మనవులు. ఒకటి, మూడు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. బీడీ, చుట్ట అలవాటున్నవారు మరీ ఆలస్యం చేయవద్దు. ఈ కేన్సరు మొదట్లోనే గొంతు మార్చి చెబుతుంది, విన్నవాడికి నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. రెండు, పరీక్ష వీడియో నకలు అడిగి భద్రం చేసుకోండి, రెండవ డాక్టరుకు అదే ఆధారం. మూడు, రేపు మన ఆసుపత్రికి యంత్రం వచ్చి తీర్పు చెబితే, దానికి నేర్పిన బొమ్మలను ఎందరు చూశారు, ముక్క పరీక్షతో ఎన్ని సరిచూశారు, మన ప్రాంతపు రోగుల మీద పరీక్షించారా అని మర్యాదగా అడగండి. సరిచూసిన వారి సంతకం లేని నకలును మనం సర్వీసులో ఏనాడూ స్వీకరించలేదు. మన గొంతు విషయంలో మాత్రం ఎందుకు స్వీకరించాలి?