వృషణ సిరల చికిత్స - అరుదైన చిక్కులు

ఇంటిల్లిపాదీ వినే వేళలో ఈ ప్రస్తావన తేవడానికి కొంత సంకోచం కలుగక మానదు. కాని మగవారిలో 100కి సుమారు 15 మందికి వృషణం పైని సిరలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటాయి. వైద్యులు దీనిని వేరికోసీల్ అంటారు. అందరికీ చికిత్స అవసరం ఉండదు. నొప్పి ఉన్నవారికి, సంతానం కలుగనివారిలో కొందరికి అవసరమవుతుంది.

ఈ ఉబ్బు ఎడమవైపుననే అధికం. కుడి వృషణ సిర ఏటవాలుగా పోయి మహాసిరలో కలుస్తుంది. ఎడమది ఇంకా పైకి ప్రాకి, మూత్రపిండపు సిరలో అడ్డంగా కలుస్తుంది. పిల్లకాలువ అట్లా కలిసినచోట నీరు వెనుకకు తన్నడం రైతులు ఎరిగినదే. సిరలోని కవాటాలు చెడితే రక్తమూ అంతే.

ఆ దారిని మూసివేయడమే చికిత్స. మెడవద్దగాని, తొడ మొదటగాని సిరలోనికి సన్నని గొట్టం దూర్చి, ఎక్స్‌రే సాయంతో నడిపించి, లోహపు తీగచుట్టలనో, సిరను మూసే మందునో విడుస్తారు. 1970 దశకం చివరినుండి ఈ పద్ధతి ఉన్నది. రోగి సాధారణంగా ఆనాడే ఇల్లు చేరుతాడు. గాటు చిన్నదే గాని, గొట్టం నడిచినది గుండెకు పోయే రాజమార్గం.

అరుదైన చిక్కులు అక్కడే వస్తాయి. తీగచుట్ట కుదురుకొనక జారితే మూత్రపిండపు సిరలో పడి, మహాసిర మీదుగా గుండె దాటి, ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకొనవచ్చు. సకాలంలో కనుగొంటే చాలావరకు సిర ద్వారానే ఉచ్చువేసి తీయగలరు. మందు క్రిందికి దిగితే అక్కడి సిరలు వాచి, కొన్నాళ్ళు తీవ్రంగా బాధిస్తాయి. అందుకే ఎక్కించేటప్పుడు గజ్జవద్ద అదిమిపెడతారు.

పొట్టపై చిన్న రంధ్రాలుచేసి సిరను ముడివేసే పద్ధతి మరొకటి. అందులో సిరను అంటిపెట్టుకొన్న ధమని కూడా ముడిలో పడవచ్చు. మరి రెండు చిన్న ధమనుల రక్తం అందుతుంది కనుక సాధారణంగా ముప్పు తప్పుతుంది. అయితే వాసెక్టమీగాని, హెర్నియా శస్త్రచికిత్సగాని జరిగినవారికి ఆ ఆధారం తగ్గి ఉండవచ్చు. ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. సిగ్గుపడి దాచే విషయమది కాదు.

తీగచుట్ట పెట్టించుకొన్నవారికి ఆయాసమో, ఛాతీనొప్పియో వస్తే, "చికిత్స జరిగినది క్రింద కదా, దీనికేమి సంబంధం?" అనుకొనడం సహజం. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళవలెను. ఏ ఆసుపత్రికి వెళ్ళినా, ఫలానా తేదీన సిరలో లోహపు చుట్ట పెట్టారని మొదట చెప్పవలెను. అది జారి ఉంటే ఛాతీ ఎక్స్‌రేలో కనబడుతుంది.